ప్రజారోగ్య రంగంలో కొలువులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం. మాది ఆదోని డివిజన్‌లో ఒక పల్లె. ఎమ్మెస్‌డబ్ల్యూ పూర్తిచేశాను. సంక్రాంతి దాటగానే మా ఊళ్లో చాలా కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతాయి. గర్భిణులు, పసిపిల్లలు కూడా వెంట వెళ్తారు. వీళ్ల ఆరోగ్యం కోసం, వీళ్ల తరఫున అధికారులతో మాట్లాడే పని చేయాలని నా కోరిక. డాక్టరు, నర్సు చదువు లేని నాకు ఈ రంగంలో ఉద్యోగం దొరుకుతుందా? ప్రభుత్వ కాంట్రాక్టు మేలా, స్వచ్ఛంద సంస్థ మేలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: తప్పకుండా దొరుకుతుంది. వైద్య ఆరోగ్యశాఖ ఉద్యోగాలంటే డాక్టర్లకు, నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు మాత్రమే అన్న భావం మన ప్రాంతంలో బలంగా ఉండడం వల్ల, సామాజిక శాస్త్రాలు చదివినవారు తమకు అర్హత ఉన్న పోస్టులకు కూడా దరఖాస్తు చేయడం లేదు. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో, అంటే ఐసీటీసీల్లో, కౌన్సెలర్ పోస్టుకు సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ చదివినవారిని తీసుకుంటారు. మందులకు లొంగని క్షయతో బాధపడే రోగులకు ధైర్యం చెప్పి చికిత్స మధ్యలో ఆపకుండా చూసే కౌన్సెలర్ పోస్టు కూడా ఇలాంటిదే. పుట్టుకతో వచ్చే లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేయించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా కేంద్రాల్లోనూ, పొగాకు నియంత్రణ కార్యక్రమంలోనూ సోషల్ వర్కర్ పోస్టులు ఉన్నాయి. మహిళా శిశు సంక్షేమ శాఖ పరిధిలో, హింసకు గురైన మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రాలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు ఆరోగ్యశాఖలోకి రాకపోయినా మీ చదువుకు, మీ కోరికకు దగ్గరగా ఉండేవే.

క్షయ నిర్మూలన కార్యక్రమంలోని సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ పోస్టును మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఏ డిగ్రీ అయినా చదివి, కంప్యూటర్ సర్టిఫికెట్, ద్విచక్ర వాహనం నడిపే శాశ్వత లైసెన్సు ఉన్నవారు దీనికి అర్హులు. ఊరూరా తిరిగి, రోగి మందులు వేసుకుంటున్నాడా, పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు అతని ఖాతాలో పడుతున్నదా అని చూడడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ సహాయం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలయింది. మీకు లైసెన్సు లేకపోతే ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. చదువంతా ఉండి ఈ ఒక్క కాగితం లేక వెనక్కు రావడం కంటే బాధ మరొకటి ఉండదు.

ఇవి చాలావరకు జాతీయ ఆరోగ్య మిషన్, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిధులతో నడిచే కాంట్రాక్టు పోస్టులు. జిల్లా స్థాయి ప్రకటనలు ఎక్కువగా జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం నుంచి వెలువడి, జిల్లా అధికారిక వెబ్‌సైట్‌లోని నియామకాల విభాగంలో కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినా ఉమ్మడి జిల్లా పేరుతో ప్రకటనలు వస్తూనే ఉన్నాయి కనుక, కర్నూలుతో పాటు నంద్యాల వెబ్‌సైట్‌నూ చూస్తుండండి. దరఖాస్తుకు గడువు తక్కువగా ఇస్తారు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, అన్ని సంవత్సరాల మార్కుల జాబితాలు ముందే ఒకచోట పెట్టుకోండి.

ప్రభుత్వమా, స్వచ్ఛంద సంస్థా అన్న మీ రెండో ప్రశ్నకు ఒక్క మాటలో తీర్పు చెప్పడం న్యాయం కాదు. ప్రభుత్వ కాంట్రాక్టులో ఉంటే రిజిస్టర్లు, మందులు, రోగుల వివరాలు మీ చేతిలో ఉంటాయి గానీ, ఆ వ్యవస్థలోని లోపాన్ని బహిరంగంగా ఎత్తిచూపే వెసులుబాటు తక్కువ. సంస్థలో ఆ వెసులుబాటు ఎక్కువ గానీ, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం కూడా ముగుస్తుంది. పక్క జిల్లా అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులు నడపడంతో పాటు పల్లెల్లో సాముదాయిక ఆరోగ్య కార్యకర్తలతో పనిచేసింది. ఆసుపత్రినీ ఊరినీ కలిపి చూడడం నేర్చుకోవాలంటే రాయలసీమలో అంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు తోచడం లేదు. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిధులతో హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్నవారి కోసం స్వచ్ఛంద సంస్థలు నడిపే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టుల్లోనూ ప్రోగ్రామ్ మేనేజర్, కౌన్సెలర్, అవుట్‌రీచ్ వర్కర్ పోస్టులు ఉంటాయి.

ఏ సంస్థలో చేరినా ముందుగా కొన్ని విషయాలు మొహమాటం లేకుండా అడగండి. నిధులు ఎవరు ఇస్తున్నారు, ఎన్నేళ్లకు మంజూరయ్యాయి, నియామక పత్రం రాతపూర్వకంగా ఇస్తారా, పీఎఫ్ ఉందా, ఊళ్లు తిరగడానికి పెట్రోలు ఖర్చు జీతంలోంచేనా, విడిగానా? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పాలనాపరమైన ఖర్చుకు కూడా 20 శాతం పరిమితి పెట్టారు. పెద్ద సంస్థల నుంచి చిన్న సంస్థలకు చేరే నిధులు దీనితో ఆగిపోయాయి కాబట్టి, మండల స్థాయిలో నడిచే సంస్థ అయితే నిధుల సంగతి మరింత వివరంగా అడగాలి. సేవ చేయాలన్న మనసున్న అమ్మాయి జీతం సంగతి అడగకూడదని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాం. మీరు సుగ్గి గురించి రాసిన రెండు వాక్యాలే మీ దరఖాస్తులో అన్నిటికన్నా విలువైన భాగమని మా అభిప్రాయం. డిసెంబరు మొదటి వారంలో పుట్టిన బిడ్డను తీసుకోండి. ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయాలి. అంటే జనవరి మధ్య, ఫిబ్రవరి మధ్య, మార్చి మధ్య. మూడు డోసులూ సరిగ్గా మిరపకోతల కాలంలోనే పడతాయి. గర్భిణికి ఆరు నెలల పాటు ఇవ్వవలసిన ఐరన్ మాత్రలూ, నెలవారీ పరీక్షలూ అంతే. ఇక్కడి ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో ఆ తల్లి ‘ఊళ్లో లేదు’. అక్కడి ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో ఆమె పేరే లేదు. సార్వత్రిక టీకా కార్యక్రమం దేశమంతటికీ ఒక్కటే కాబట్టి మాతా శిశు సంరక్షణ కార్డు ఉంటే ఏ ఊళ్లోనైనా టీకా ఉచితంగా వేయించుకోవచ్చు. కానీ ఆ కార్డు పెట్టెలో పెట్టి ఇంటికి తాళం వేసి వెళ్లినవాళ్లకు ఆ సంగతి చెప్పేవారెవరు?

చెప్పవలసింది మీరే. ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈసారి సంక్రాంతికి ముందే మీ ఊరి ఆశా కార్యకర్తతో, ఏఎన్‌ఎంతో కలిసి, సుగ్గికి వెళ్లబోయే ఇళ్లలో ఎందరు గర్భిణులు, ఏడాదిలోపు పిల్లలు ఎందరు, ఏ మండలానికి, ఏ మేస్త్రీ వెంట, ఏ నెలదాకా వెళ్తున్నారో జాబితా రాయండి. కార్డు వెంట తీసుకెళ్లమని ప్రతి తల్లికీ చెప్పండి. క్షయ మందులు వాడుతున్నవారు ఉంటే, క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్ ద్వారా చికిత్సను వెళ్లే చోటికి బదిలీ చేయించుకోవచ్చని తెలియజేయండి. ఆ జాబితాను పీహెచ్‌సీ వైద్యాధికారికి ఇచ్చి, వలస వెళ్లే మండలాల పీహెచ్‌సీలకు సమాచారం పంపమని లిఖితపూర్వకంగా కోరండి. దరఖాస్తు ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మరవద్దు. కదలిక లేకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఒక జాగ్రత్త. హెచ్‌ఐవీ సోకినవారి వివరాలు ఏ జాబితాలోనూ, ఏ నివేదికలోనూ రానీయకండి. వారి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది.

ప్రజల తరఫున మాట్లాడడమంటే మైకు ముందు నిలబడడమేనని చాలామంది అనుకుంటారు. పేరు, తేదీ, రిజిస్టరు పేజీ చేతపట్టుకొని, ఏఎన్‌ఎంను దోషిగా నిలబెట్టకుండా, ఆమెకు అందవలసిన సాయాన్ని కూడా అడగగలిగినవారి మాటకే కార్యాలయంలో విలువ ఉంటుంది. ఈ పని ఒక్క సీజను చేసి రెండు పేజీల నివేదిక రాస్తే, ఇంటర్వ్యూలో మీరు చెప్పుకోవడానికి ఏ శిక్షణా పత్రమూ దానికి సాటి రాదు.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివింది. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టు ఇప్పిస్తానని, రెండు లక్షలు కట్టమని ఒకాయన అంటున్నాడు. కొంత ఇప్పుడిచ్చి, మిగతాది పోస్టు వచ్చాకే ఇవ్వమంటున్నాడు. నమ్మవచ్చా?
– ఒక తండ్రి, తాడిపత్రి

జవాబు: నమ్మవద్దు. ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. వైద్య ఆరోగ్యశాఖ కాంట్రాక్టు నియామకాలకు ఇటీవల ఇచ్చిన ప్రకటనల్లో నూటికి 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకు, 10 వరకు కోర్సు పూర్తయి గడిచిన సంవత్సరాలకు, 15 వరకు గతంలో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. ముందు తాత్కాలిక మెరిట్ జాబితా పెట్టి, అభ్యంతరాలు తీసుకొని, తర్వాత తుది జాబితా ప్రకటిస్తారు. మధ్యవర్తి మార్చగలిగేది ఇందులో ఏమీ లేదు. మీ అమ్మాయికి మెరిట్‌లో పోస్టు వస్తే అది తమ వల్లే వచ్చిందని చెప్పి మిగతా డబ్బు వసూలు చేయడమే ఇలాంటివారి పద్ధతి. రాకపోతే కట్టిన డబ్బు తిరిగి రాదు.

మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఆమె నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అమలులో ఉండాలి. ఎంఎల్‌హెచ్‌పీకి కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ కోర్సు, లేదా అది కలిసి ఉన్న బీఎస్సీ నర్సింగ్ పాఠ్యక్రమం అడుగుతారు. ఆమె చదివినది ఏదో కళాశాలలో లిఖితపూర్వకంగా తీసుకోండి. తాత్కాలిక జాబితాలో మార్కులు తప్పుగా పడితే ఇచ్చిన గడువులోపే అభ్యంతరం రాసివ్వాలి. గడువు దాటాక వినరు. డబ్బు అడిగిన వ్యక్తి మీద పోలీసులకు ఫిర్యాదు చేయడానికి వెనుకాడకండి.

ప్రశ్న: పదో తరగతి చదివాను, వయసు 29. మా ఊరి ఆశా కార్యకర్త మానేస్తోందని విన్నాను. ఆ పనికి నేను ఎలా ప్రయత్నించాలి?
– ఒక గృహిణి, మైదుకూరు

జవాబు: మీ వయసు, చదువు సరిపోతాయి. ఆశాగా ఆ ఊళ్లోనే నివసించే 25 నుంచి 45 ఏళ్ల మహిళను తీసుకుంటారు. వివాహితలకు, భర్తను కోల్పోయినవారికి, ఒంటరి మహిళలకు ప్రాధాన్యం ఉంటుంది. ఆశా నిబంధనల ప్రకారం ఇది గౌరవ వేతనంతో చేసే సేవ, రెగ్యులర్ ఉద్యోగం కాదు. మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. రాత్రి పూట కాన్పు నొప్పులు వచ్చినా మీకే కబురు వస్తుంది కనుక, ఇంట్లో వారితో ఆ సంగతి ముందుగా మాట్లాడుకోండి. ఖాళీ నిజంగా ఏర్పడిందో లేదో మీ పీహెచ్‌సీలో అడిగి తెలుసుకొని, నివాస ధ్రువీకరణ, పదో తరగతి పత్రం, ఆధార్ నకళ్లతో దరఖాస్తును వైద్యాధికారికే నేరుగా ఇవ్వండి.