పిల్లల సరదా అని వదిలేయవచ్చా?

ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయిని తోటివాళ్లు కొన్ని నెలలుగా పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారని, బడిలో చెబితే పిల్లల సరదా అని కొట్టిపారేశారని, ఇది నిజంగా అంతగా పట్టించుకోవలసిన విషయమేనా అని అడిగారు. పట్టించుకోవలసిందే. చాలాకాలం ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఇలాంటివి తరగతిలో ఎలా సాగుతాయో దగ్గరగా చూశాను.

పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం, పోట్లాడుకోవడం, మర్నాటికి కలిసిపోవడం మామూలే. ఒకే పిల్లవాణ్ణి, అతను ఎదిరించలేని బలం ఉన్నవాళ్లు, కావాలనే, మళ్లీ మళ్లీ బాధపెడుతుంటే మాత్రం అది వేధింపు. 1970ల నుంచి ఈ సమస్యను అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ చెప్పిన గుర్తులు ఇవే. ఆ బలం కండబలమే కానక్కరలేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో నిర్ణయించే పెత్తనం కూడా బలమే.

పెద్దల కంట పడకుండా ఏడిపించడంలో పిల్లలు ఆరితేరి ఉంటారు. నా తరగతిలో ఒక అబ్బాయి జవాబు చెప్పడానికి లేచినప్పుడల్లా వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి దగ్గేవారు. దగ్గినందుకు ఎవరిని దండిస్తాం? ఆ అబ్బాయి జవాబు తెలిసినా లేవడం మానేశాడు. పొద్దున బడికి వెళ్లినవాడు సాయంత్రం ఇంటికి చేరేదాకా మంచినీళ్లు ముట్టడం లేదని తర్వాత వాళ్లమ్మగారు చెప్పారు. నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, వాళ్లు కాపు కాసేది అక్కడే. మార్కులు తగ్గడం ఆ తర్వాతెప్పుడో కనిపించింది. మనం సాధారణంగా మేలుకునేది అప్పుడే.

దీని ప్రభావం బడితో ముగిసిపోదు. బ్రిటన్‌లో 1958లో పుట్టిన వేలమంది పిల్లలను 50 ఏళ్ల వయసు వరకు గమనించిన అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. చిన్నతనంలో తరచూ వేధింపులకు గురైనవారిలో, కుటుంబ పరిస్థితుల వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, కుంగుబాటు, ఆందోళన మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి.

నేను చూసినంతలో, ఏడిపించినవాడి మాటకంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడమో, ముఖం తిప్పుకోవడమో పిల్లవాణ్ణి ఎక్కువ కుంగదీస్తుంది, ఎందుకంటే తరగతి మొత్తం వాళ్ల పక్షమేనని అతను నమ్మేస్తాడు. కెనడాలో బడి ఆటస్థలాలను గమనించి 2001లో ప్రచురించిన పరిశీలనలో, తోటి పిల్లలెవరైనా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో వేధింపు 10 సెకన్లలోపే ఆగిపోయిందని తేలింది. ఫిన్లాండ్ బడుల్లో అమలవుతున్న కీవా అనే వేధింపుల నివారణ కార్యక్రమం ప్రధానంగా దృష్టి పెట్టేది కూడా ఈ చూస్తూ ఊరుకునే పిల్లల మీదే.

అందువల్ల మీ అబ్బాయిని ఎవరు ఏడిపిస్తున్నారని అడగడంతో ఆగకుండా, అప్పుడు పక్కన ఎవరున్నారో, వాళ్లలో అతనితో కాస్త మంచిగా ఉండేది ఎవరో కూడా అడగండి. అలాంటివాడు ఒక్కడు దొరికినా, బడి వేళల తర్వాత కూడా వాళ్లు కలుసుకునేలా చూడండి. నువ్వూ రెండు తగిలించు అని మాత్రం చెప్పకండి. బలం లేకనే గదా ఇన్నాళ్లూ పడ్డాడు, పైగా ఉపాధ్యాయుల కంటికి దొరికేది ఆ తిరగబడిన క్షణమే. పట్టించుకోకు అన్నా, ఇక నాకు చెప్పకు అన్నట్టే పిల్లలు అర్థం చేసుకుంటారు.

బతకాలని లేదన్న ధోరణిలో ఏ మాట వచ్చినా, బడి సంగతి పక్కన పెట్టి అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. అంతవరకు రాకపోతే, ఏ తేదీన, ఎక్కడ, ఏం జరిగిందో, ఎవరెవరు చూశారో రాసి పెట్టుకుని, ఆ వివరాలతో ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాటను సరదా అని తోసిపుచ్చినంత తేలికగా కాగితాన్ని తోసిపుచ్చలేరు. సెక్షన్ మార్చే ప్రస్తావన వస్తే, మార్చవలసింది మీ అబ్బాయిని కాదని, ఏడిపించేవాళ్లనని ఆ కాగితంలోనే స్పష్టంగా రాయండి.