చేత్తో ఆడే పజిళ్లు గణితంలో సృజనాత్మక ఆలోచనను నిజంగా పెంచుతాయా?

పెంచుతాయి, పెద్దలు జవాబు తొందరపడి చెప్పేయకుండా ఉంటే.

గళ్ల కాగితం మీద నాలుగేసి గళ్లను అంచులు ఆనుకునేలా కలిపితే ఎన్ని ఆకారాలు వస్తాయో పిల్లలనే వెతకనివ్వండి. తిప్పినవి, బోర్లించినవి వేరుగా లెక్కపెట్టకపోతే 5 వస్తాయి: పట్టీ, చతురస్రం, ఎల్, టీ, జెడ్. అప్పుడు "ఆరోది లేదని ఎలా చెప్పగలవు?" అని అడగండి. నిరూపణ అవసరం వాళ్లకు తెలిసివచ్చేది అక్కడే.

తర్వాత ఆ ఐదింటినీ కత్తిరించి, 4 గళ్ల వెడల్పు, 5 గళ్ల పొడవు ఉన్న దీర్ఘచతురస్రంలో పేర్చమనండి. ముక్కలన్నిటిలో కలిపి 20 గళ్లే, దీర్ఘచతురస్రంలోనూ 20 గళ్లే, అయినా ఎంత తిప్పినా కుదరదు. విసుగు పుట్టేదాకా ప్రయత్నించనివ్వండి. నా దృష్టిలో అసలు చదువు ఆ తంటాలే. ఆపైన దీర్ఘచతురస్రానికి చదరంగం బల్లలా నలుపు తెలుపు రంగులు వేయించండి. ఒక్కో రంగు 10 గళ్లు వస్తుంది. టీ ఎక్కడ పెట్టినా ఒక రంగువి మూడు, రెండోదానివి ఒకటి కప్పుతుంది. మిగతా నాలుగు ఆకారాలూ రెండేసి చొప్పున కప్పుతాయి. మొత్తం 11, 9 అవుతుంది తప్ప 10, 10 కాదు. లెక్కలో ఎక్కడా లేని రంగు చిక్కుముడి విప్పుతుందని చూసిన పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

ఇద్దరుంటే 21 పుల్లల ఆట బాగుంటుంది: వంతుకు 1 నుంచి 3 పుల్లలు తీయాలి, చివరి పుల్ల తీసినవారిదే గెలుపు. ఎదుటివారికి ఎప్పుడూ 4 గుణిజం మిగల్చాలని వాళ్లే కనిపెట్టాక, 4 పుల్లల దాకా తీయవచ్చని నియమం మార్చండి.