డబ్బా ఆన్‌లో పెట్టి ఊరెళ్ళకురా అల్లుడూ

కట్టమంచి, చిత్తూరు

అల్లుడికి,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల కాశీకి టికెట్లు అయ్యాయని చెబుతూ మాటల్లో మాటగా, “వీడికీ నీ పాత పిచ్చే పట్టిందన్నా. బీబీఎస్సో ఏదో అంటున్నాడు. ఒకటి కాదంట, మూడు నెట్‌వర్కులకి కలుపుతాడంట” అంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. ఇంటి కంప్యూటర్‌కి జనం బయటి నుంచి కలిసి ఉత్తరాలు రాసుకునే ఆ బులెటిన్ బోర్డు మాట మన వైపు ఇంకొకరి నోట విని ముప్పై ఏళ్ళు అవుతోంది. వాట్సాప్‌లో రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నా.

తేలికవి ముందు చెప్పేస్తా. బీబీఎస్ నడిపే ప్రోగ్రాముల్లో సింక్రోనెట్ గానీ మిస్టిక్ గానీ, ఏదో ఒకటి పట్టుకో. వారానికొకటి మార్చకు. మెషీన్‌కి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ చాలు, ఉన్న డబ్బులు యూపీఎస్ మీద పెట్టు. నవంబరు వానల్లో మీ బైరాగిపట్టెడలో కరెంటు సంగతి నాకు చెప్పకు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే ఐపీ అడ్రస్‌ని చాలా ఇళ్ళకు పంచుతుంటారు, అలాంటప్పుడు బయటి వాళ్ళెవరూ నీ మెషీన్ తలుపు తట్టలేరు. నీకొక్కడికే, మారకుండా ఉండే స్టాటిక్ ఐపీ అడుగు, ఇవ్వకపోతే చిన్న సర్వర్ అద్దెకు తీసుకో. యూజర్లు లోపలికొచ్చే టెల్నెట్ 23వ పోర్టు తెరిచావంటే చాలు, ఎక్కడెక్కడి దొంగ ప్రోగ్రాములో వచ్చి ‘అడ్మిన్’, ‘రూట్’ అంటూ బాదడం మొదలుపెడతాయి. టెన్షన్ పడకు. నాలుగు తప్పులకి బ్లాక్ అయ్యేలా పెట్టి, నీ సొంత పని మాత్రం ఎవరూ చదవలేకుండా నడిచే ఎస్ఎస్‌హెచ్ మీద చేసుకో.

ఇక నెట్‌వర్కులు, అంటే బీబీఎస్‌లు ఒకదాని ఉత్తరాలు ఇంకొకదానికి చేరవేసుకునే గొలుసులు. ఫిడోనెట్ నుంచి మొదలుపెట్టమంటాను. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టినది ఇంకా బతికే ఉంది. ముందు ఎవరిదైనా బీబీఎస్‌లో యూజర్‌గా చేరి, పది రోజులు చదివి, ఆ తర్వాత ఆ నెట్‌వర్క్‌లో నీ అడ్రస్ అయ్యే నోడ్ నంబరు అడుగు. వచ్చీ రాగానే చెయ్యి చాచకు. ఫిడోనెట్ ప్రపంచాన్ని జోన్లుగా పంచుకుంది, మన ఆసియాకి ఆరో జోన్ ఉండేది. 2007లో దాన్ని ఎత్తేసి, మిగిలినవాళ్ళని మూడో జోన్‌లో ఆస్ట్రేలియా వాళ్ళతో కలిపేశారు. కాబట్టి నీ అడ్రస్ 3తో మొదలవుతుంది. నాది 6తో ఉండేది. 2022లో తిరుపతిని మా చిత్తూరు జిల్లా నుంచి విడదీసినప్పుడు కూడా నాకంత కష్టంగా అనిపించలేదంటే నమ్ము. ఎఫ్ఎస్ఎక్స్‌నెట్‌లో చేరితే అడ్రస్ 21తో వస్తుంది. డవ్‌నెట్‌కి ఈ నంబర్ల గోలే లేదు, అది ఉత్తరాలని కట్టగట్టి పంపే క్యూడబ్ల్యూకే ప్యాకెట్లతో నడుస్తుంది. మూడింటికీ మూడు వేరే గదులు కట్టు. ఏరియాలు, అంటే ఒక్కో విషయం మీద ఉత్తరాల విభాగాలు, వేరు; పాస్‌వర్డ్‌లు వేరు. ఏ నెట్‌వర్క్ ఉత్తరం ఆ నెట్‌వర్క్ అడ్రస్‌తోనే బయటికి పోతోందా అని పంపే ముందు చూసుకో. ఇది తప్పినా ఎవరో ఒకరు చెబుతారు, దిద్దుకోవచ్చు. నా భయం ఇది కాదు.

మీ అమ్మ అప్పగింతలప్పుడు నేను మండపంలో లేనని నీకు తెలుసు కదా? ఏటా పెళ్ళిరోజుకి ఎత్తుతూనే ఉంటుంది. ఎందుకు లేనో మాత్రం నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

1995 మే నెల. నేను తిరుపతిలో, కొర్లగుంటలో ఉండేవాణ్ణి. ఒక ఫోన్ లైను, ఆ లైను మీద కంప్యూటర్ని వేరే కంప్యూటర్‌తో కలిపే ఒక 2400 మోడెం. పగలు ఆ లైను మీ అత్తది, రాత్రి 11 దాటి ఎస్టీడీ పావు చార్జీ అయ్యాక నాది. బెంగళూరులో ఒకాయన దగ్గర ఫిడోనెట్ తీసుకునేవాణ్ణి. అది కాక మద్రాసు, వేలూరు, తిరుపతి కుర్రాళ్ళం నలుగురం కలిసి సొంతంగా ఒక చిన్న నెట్‌వర్క్ పెట్టుకున్నాం. మన చిన్న నెట్‌వర్క్ వాళ్ళకి కూడా ఫిడోనెట్ ఏరియా ఒకటి చూపిస్తే నా పేరు మోగుతుందని, రెండింటి మధ్య గేట్ పెట్టాను. అటు ఉత్తరం ఇటు, ఇటుది అటు. వేలూరు అబ్బాయికీ అదే ఆశ. వాడూ అదే ఏరియాకి గేట్ పెట్టాడు. నేను వాడికి చెప్పలేదు, వాడు నాకు చెప్పలేదు.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. ఒక నెట్‌వర్క్ లోపల ఉత్తరం తిరుగుతున్నంతసేపు దాని కింద ‘సీన్‌బై’ అని లైన్లు ఉంటాయి. ఎవరెవరికి అందిందో వాళ్ళ నంబర్లు అందులో పడతాయి, వాళ్ళకి మళ్ళీ పంపరు. దానికి తోడు ప్రతి ఉత్తరానికీ ఒక ఐడీ ఉంటుంది, అదే ఐడీ రెండోసారి వస్తే మెషీన్ పారేస్తుంది. నా గేట్ ప్రోగ్రాం ఈ రెండూ చెరిపేసి, కొత్తవి రాసి అవతలికి తోసేది. వేలూరుదీ అంతే. నేను అటు తోసింది వాడి గేట్‌లోంచి కొత్త చొక్కా తొడుక్కుని ఇటు వస్తుంది. నా మెషీన్ దాన్ని కొత్త ఉత్తరమే అనుకుని మళ్ళీ అటు తోస్తుంది. దానికి ఆకలీ లేదు, అలుపూ లేదు. పైగా నేను చేసిన ఘనకార్యం ఇంకొకటుంది: కొత్త ఉత్తరం రాగానే టైముతో పని లేకుండా డయల్ చెయ్యమని రాసి పెట్టాను. అలా పెట్టి, ఇంటికి తాళం వేసి, పెళ్ళికని చిత్తూరు వచ్చేశాం.

శుక్రవారం ముప్పై ఉత్తరాలున్న ఏరియా ఆదివారానికి ఆరు వందలు దాటింది. బెంగళూరాయన చూశాడు. నాకు ఫోన్ చేశాడు. ఎత్తిందెవరు? మోడెం. ఆయన చెవిలో కీచుమంది. మళ్ళీ చేశాడు, మళ్ళీ కీచుమంది. నాలుగు ఊళ్ళకి ఉత్తరాలు మోసే నన్ను ఒక్క మాట చెప్పడానికి అందుకోలేక, చివరికి ఆయన తపాలాఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాడు.

ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే చావు కబురు. మా పక్కింటి పెద్దాయనకి ఇంగ్లీషు రాదు. కొండ మీద పోటులో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళింటికి అశుభం ఆలస్యం కాకూడదనుకున్నాడు పాపం, ఆ కాగితం పట్టుకుని ఎర్రబస్సెక్కి, డెబ్భై కిలోమీటర్లు నిలబడే వచ్చాడు. తలంబ్రాలు అయ్యాయి, పంక్తులు లేస్తున్నాయి. గుమ్మంలో చెప్పులు విప్పి, నా చేతిలో టెలిగ్రాం పెట్టి తల వంచుకున్నాడు. ఆయన తల చూసి మా పెద్దమ్మ శోకం ఎత్తుకుంది. ఎవరు పోయారో ఎవరికీ తెలియదు, అయినా నలుగురు అందుకున్నారు. మీ అమ్మ పీటల మీద నుంచి నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. విప్పి చదివాను. ‘యువర్ మెషీన్ గాన్ మ్యాడ్, స్టాప్ ఇట్.’

తాళంచెవి నా జేబులో ఉంది. పక్కింటాయన అక్కడే ఉండి, తాళం ఆయన దగ్గరుంటే, మీటరు బోర్డులో ఫ్యూజు పీకితే అయిపోయే పని. నేను పోక తప్పలేదు. కొర్లగుంటలో తలుపు తీసేసరికి చీకట్లో మోడెం దీపాలు మిణుకుమిణుకుమంటూ అప్పటికీ డయల్ చేస్తూనే ఉంది. ప్లగ్గు పీకేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. తిరిగొచ్చేసరికి మీ అమ్మ మీ నాన్నతో కారెక్కి వెళ్ళిపోయింది.

ఎస్టీడీ బిల్లు ఎంతొచ్చిందో రాయను, మీ అత్త ఈ ఉత్తరం చదివినా చదువుతుంది. బెంగళూరాయన తిట్టలేదు. నెల పాటు నా లింకు కత్తిరించి, తర్వాత తనే కలిపాడు. ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు నేను. ఆ ఆగస్టులోనే మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది, మెల్లగా అందరూ అటు పోయారు. చెప్పకుండానే.

మొదటి బీబీఎస్ 1978లో చికాగోలో పుట్టింది, మంచుతుఫానుకి ఇల్లు కదల్లేని ఇద్దరు మొదలుపెట్టిన పని. వాళ్ళు కదలకుండా కట్టారు, నేను కదిలి చెడగొట్టాను.

కాబట్టి నీకు గేట్ వద్దు. అంతగా కావాలంటే, అదే ఏరియాకి ఇంకెవరైనా పెట్టారేమో రెండు వైపులా పెద్దలని అడిగి పెట్టు. ఒక ఏరియాని ఒక్కచోటి నుంచే తీసుకో. ఇప్పుడు ఇంటర్నెట్ మీద ఉత్తరాలు మోసే బింక్‌పీతో, 24554 పోర్టు మీద, క్షణాల్లో పని అయిపోతుంది. నాకు మూడు రోజులు పట్టిన పిచ్చి నీకు ఒక్క పూటలో పడుతుంది. నీ ఫోన్ నంబరు నీకు ఉత్తరాలు అందించే, నీ పైనున్న హబ్ వాళ్ళ దగ్గర ఉండాలి. ఆ నంబరు మనిషి ఎత్తాలి.

తెలుగులో రాసుకోవాలని నీకు ఉందని మీ అమ్మ చెప్పింది. ఉండనీ. పాత ప్రోగ్రాములకి 256 అక్షరాలే లోకం. ‘తిరుపతి’ అన్న ఒక్క మాటే, అన్ని లిపులనీ రాసే యూటీఎఫ్-8లో 21 బైట్లు పడుతుంది. ఉత్తరం హెడర్‌లో అది యూటీఎఫ్-8 అని చెప్పే లైను లేకపోతే అవతలి వాళ్ళకి గీతలూ కొక్కేలూ కనిపిస్తాయి. ముందు టెస్ట్ ఏరియాలో వేసి చూడు. మేము ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుని మురిసిపోయాం. నువ్వు సొంత అక్షరాలతో రాస్తే చూడాలని నాకూ ఉంది. మొదటి యూజర్‌గా నా పేరు రాసుకో, పాస్‌వర్డ్ మర్చిపోతే విసుక్కోకు.

కాశీకి మీరు ముగ్గురూ వెళ్తున్నారంటగా. తిరిగొచ్చేదాకా ఇల్లు ఖాళీనే కదా. ముందు రోజు నేనే తిరుపతి వస్తాను. తాళంచెవి నాకిచ్చి, ఏ ప్లగ్గు పీకాలో చూపించి వెళ్ళు.

మీ మామయ్య