రెండు యంత్రాలు మాట్లాడుకున్నాయని చదువు మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. రెండు ఏఐలు ఎవరికీ అర్థంకాని సొంత భాషలో మాట్లాడుకుంటుంటే ఫేస్‌బుక్ వాళ్లు భయపడి ఆపేశారని మా ఫ్యామిలీ గ్రూపులో వీడియో వచ్చింది. అది చూసినప్పటి నుంచి మావారు వీడి చదువు దండగైపోయిందంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. అది నిజమేనా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: సగమే నిజమమ్మా. 2017లో ఫేస్‌బుక్ పరిశోధకులు చాట్‌బాట్‌లకు బేరమాడటం నేర్పించారు. పుస్తకాలు, టోపీలు, బంతులు ఎవరికెన్నో తేల్చుకోవాలి. బేరం బాగా కుదిరితే మార్కులు పడతాయి కానీ ఇంగ్లీషు సరిగ్గా మాట్లాడాలన్న షరతు పెట్టలేదు, దాంతో అవి ఒకే మాటను పదేపదే తిప్పి వాడుకుంటూ పోయాయి. వాళ్లకు కావాల్సింది మనుషులతో మాట్లాడే బాట్‌లు కాబట్టి పద్ధతి మార్చారు, అంతే. భయపడి ఆపేసింది లేదని అక్కడి పరిశోధకుడు ధ్రువ్ బత్రా అప్పుడే వివరంగా రాశారు.

ఆ వివరణ మీ గ్రూపుకి రాలేదు చూడండి, వీడియో మాత్రం వచ్చింది! లక్షల ఫీజు కట్టి, ప్లేస్‌మెంట్ వస్తుందో రాదో అని నిద్రపట్టని ఇంట్లో యంత్రం చెయ్యిదాటిపోయిందంటే ఇట్టే నమ్మేస్తారు. 1980ల్లో బ్యాంకుల్లోకి కంప్యూటర్లొస్తే గుమాస్తాల ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా అడ్డుపడ్డాయి. 1990ల చివర్లో వైటూకే పని, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పని, దొరికేసరికి అదే కంప్యూటర్ మన పిల్లల్ని అమెరికా పంపే దారైంది, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిపోయాయి. అప్పుడు దాన్ని చూసి భయపడిన వాళ్లెవరు?

అలాగని మీవారి దిగులును నేను తీసిపారేయను. 2025 జులైలో టీసీఎస్ సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా, తగ్గిస్తామని చెప్పింది. ఏఐ కారణం కాదని కంపెనీ అన్నా చాలా ఇళ్లలో ఆ మాట ఎక్కలేదు. ఉద్యోగాల గురించి ఉన్న భయానికి ఆధారం ఉంది, అందుకే దాన్ని సూటిగా అడిగి తెలుసుకోవాలి, వీడియోల్లో వెతికితే దొరకదు. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకి మీవారినే వెళ్లమనండి. ఈ ఏడాది ఎంతమందిని తీసుకున్నారు, ఏ పనికి తీసుకున్నారు, ఇంటర్వ్యూలో ఏం అడిగారు అని కనుక్కోమనండి. అబ్బాయి నిరుడు పాసైన సీనియర్లతో మాట్లాడాలి, ఏఐ రాసిచ్చిన కోడ్‌లో తప్పెక్కడుందో పట్టుకోవడం ఇప్పటి నుంచే నేర్చుకోవాలి. చదువు మాన్పించాలా, బ్రాంచి మార్పించాలా అన్నది ఆ తర్వాత ఆలోచించండి.