పాకెట్ మనీ అప్పు పిల్లాడికి గుర్తుండట్లేదా? వాడి డబ్బులో మీరే కోత పెట్టకండి

మీ ఎనిమిదేళ్ల బాబు మీ దగ్గర 120 రూపాయలు అప్పు తీసుకున్నాడు. దానికి వారం వారం ఇచ్చే 40 పాకెట్ మనీలో 20 మీరే పట్టుకుని మిగతాది ఇస్తున్నారు. "నేనెప్పుడు తీసుకున్నాను?" అని వాడు అడగడానికి కారణం అదే. వాడి దృష్టిలో అది అప్పు తీర్చడం కాదు, ఇంట్లో తక్కువ ఇచ్చారు, అంతే.

1. ఆదివారం మొత్తం 40 చేతిలో పెట్టండి, నాలుగు పది నోట్లుగా. యూపీఐ వద్దు, కనిపించని డబ్బు ఈ వయసుకి అర్థం కాదు.

2. ఐదు నిమిషాలు ఆగండి. అందరూ వదిలేసేది ఇక్కడే. ఆ డబ్బు తనదని అనిపించాక, తనే రెండు నోట్లు లెక్కపెట్టి తిరిగివ్వాలి. చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, మూతి ముడుస్తాడు. ఆ కాస్త బాధే పాఠం. "సరేలే, వచ్చే వారం ఇద్దువు" అన్నారో, మళ్లీ మొదటికొస్తుంది.

3. ఫ్రిజ్ మీద కాగితం అంటించండి: 120, 100, 80... ఇచ్చినప్పుడల్లా తనే కొట్టేయాలి. ఆరు వారాల్లో సున్నా.

4. సున్నా అయ్యేదాకా రెండో అప్పు లేదు. తాతయ్యకీ నానమ్మకీ ముందే చెప్పండి (చాటుగా తీర్చేసేది వాళ్లే).

వారం వారం తిరిగిచ్చే మొత్తం, వారం డబ్బులో సగం దాటనివ్వకండి. చేతిలో ఏమీ మిగలకపోతే రెండో వారానికే మొండికేస్తాడు.

వడ్డీ ఇప్పుడే వద్దు. బడిలో శాతాలు వచ్చాక చెప్పండి: "నూటికి రెండు" వడ్డీ అంటే వందకి నెలకు 2 రూపాయలు. ఏడాదికి ఎంతో తననే లెక్క కట్టమనండి. 24 వస్తుంది.