క్రూయిజ్‌కి పర్సనల్ లోన్ సరే, నాన్నగారి స్టెంట్ మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి నెలకు 1,45,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 52,000, కారు ఈఎంఐ 14,000 (ఇంకా 11 నెలలుంది). ఇంటి ఖర్చు, పాప స్కూలు కలిపి 60,000. మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000. ఎఫ్‌డీలో 1,60,000 ఉంది. ఏటా బోనస్ 2,20,000 దాకా వస్తుంది. ఈ ఏడాది అమ్మానాన్నల పెళ్ళయి 40 ఏళ్ళు నిండుతాయి. ఐదుగురం సింగపూర్ వెళ్ళి, అక్కడినుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ చేయాలని కోరిక. ఏజెంట్ మొత్తం 5,60,000 చెప్పాడు. 4 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది ఎఫ్‌డీ తీసి కడదామనుకుంటున్నాను. బంగారం పెడితే వడ్డీ తగ్గుతుందని మా ఆవిడ అంటోంది. ఏది మంచిది? నాన్నగారికి 67. షుగర్, బీపీ ఉన్నాయి, నాలుగేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. ఆఫీసు ఇన్సూరెన్స్ 5 లక్షలుంది, అందులో వాళ్ళూ ఉన్నారు.

జవాబు: రెండూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందరూ అడిగేది ఒకటే, ఏ అప్పు చౌక అని. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అందులోని చివరి మాటలు. గుండెలో స్టెంట్ ఉన్న పెద్దాయన్ని ఒడ్డు కనిపించని చోటికి తీసుకెళ్తున్నారు, ఆ సంగతి మాత్రం వడ్డీ లెక్కలన్నీ అయ్యాక రాశారు. నేనైతే ఉత్తరం అక్కడే మొదలుపెట్టేదాన్ని.

ఓడ ప్రయాణం అంటే గిట్టక చెబుతున్న మాట కాదిది. మావారికి సముద్రమంటే పిచ్చి. పన్నెండేళ్ళలో ఏడుసార్లు ఎక్కాం. సింగపూర్ నుంచి మూడుసార్లు, మధ్యధరా సముద్రంలో రెండుసార్లు, అలాస్కా ఒకసారి, ముంబై నుంచి లక్షద్వీప్ ఒకసారి. పెద్దవాళ్ళకి అంత సుఖమైన ప్రయాణం ఇంకోటి లేదు కూడా. రోజూ పెట్టె సర్దక్కర్లేదు, హోటలే ఊరూరూ తిరుగుతుంది. మీ ఆలోచన మంచిదే, డబ్బు తెస్తున్న దారే బాగాలేదు.

ముందు మీ లెక్కే చూద్దాం. ఖర్చులు, ఈఎంఐలు, సిప్ పోగా మీకు నెలకు మిగిలేది 9,000. మీరనుకుంటున్న లోన్‌కి ఈఎంఐ దాదాపు 13,670. తక్కువ పడే 4,670 ఎక్కణ్ణుంచి వస్తుంది? సిప్ ఆపుతారు, లేదంటే కార్డు గీకుతారు. మూడేళ్ళలో వడ్డీ ఒక్కటే 92,000 దాకా అవుతుంది. ఎఫ్‌డీ కూడా తీసేస్తే, మీరు ఓడ ఎక్కే రోజున ఇంటిల్లిపాదికీ కలిపి బ్యాంకులో ఉండేది సున్నా. ఎవరో ఫోన్ చేసి ‘ప్రీ అప్రూవ్డ్’ అన్నంత మాత్రాన అది మీ డబ్బు అయిపోదండీ.

గోల్డ్ లోన్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. బంగారం ఆపరేషన్‌కి తాకట్టు పెట్టండి, పాప ఫీజుకి పెట్టండి, విహారానికి మాత్రం పెట్టకండి. వడ్డీ లేదంటూ ఏజెంట్లు ఇస్తామనే ‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా అప్పే. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎక్కడో ఒకచోట కలుస్తాయి.

ఆ 5,60,000 కూడా అసలు మొత్తం కాదు. చాలా ఓడల్లో సిబ్బందికి టిప్పుల కింద మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా మీ గది ఖాతాలో రాస్తారు, పిల్లలకి కూడా. 18 డాలర్లు వేసుకున్నా ఐదుగురికి నాలుగు రాత్రులకు 360 డాలర్లు, అంటే 30 వేలు దాటుతుంది. వైఫై వేరు, కూల్‌డ్రింకులు వేరు, రేవులో దిగి ఊరు చూడ్డానికి బస్సు వేరు. ఓడలో నోట్లు చెల్లవు. అంతా గది కార్డు మీదే, చివరి రోజు మీ క్రెడిట్ కార్డుకి వస్తుంది. డాలర్ల బిల్లు కాబట్టి చాలా కార్డుల్లో మార్కప్ రుసుము, దాని మీద జీఎస్టీ అదనం. ఏజెంట్ ఇవి చెప్పాడా? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు చూశారా, డబ్బు కట్టేదాకా మిమ్మల్ని ‘సార్ సార్’ అంటారు, కట్టాక ఫోన్ ఎత్తరు.

ఇక నాన్నగారి సంగతి. 2019లో సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వెళ్ళొచ్చే ఓడలో మా బావగారు, తోడికోడలు మాతో వచ్చారు. బావగారికి అప్పుడు 61. రెండో రోజు రాత్రి భోజనమయ్యాక చెమటలు పట్టాయి, ఎడమ భుజం లాగేస్తోందన్నారు. కింది డెక్‌లో ఉన్న వైద్య కేంద్రానికి తీసుకెళ్ళాం. డాక్టరు మంచివాడే. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, ఇంజక్షన్లిచ్చి రాత్రంతా మానిటర్ పెట్టారు. కానీ అక్కడ యాంజియో చేసే ల్యాబ్ ఉండదు. తెల్లారాక ఫుకెట్ దగ్గర లంగరు వేసి, చిన్న పడవలో ఒడ్డుకు దింపారు. అక్కయ్య, మావారు ఆయనతో దిగారు. నేను నాలుగు పెట్టెలతో సింగపూర్ దాకా ఒంటరిగా వెళ్ళాను. సాయంత్రం ఓడ వెళ్ళిపోయింది. దాన్ని తప్పుపట్టలేం, రెండువేలకు పైగా మనుషులున్నారు అందులో.

ఓడలో ఒక్క రాత్రి బిల్లు 2,100 డాలర్లు. ఒడ్డున ఆస్పత్రిలో ముందు డిపాజిట్ కట్టండి, తర్వాతే అడ్మిషన్ అన్నారు. ఐదు రోజులుండి, మారిన విమానం టిక్కెట్లతో కలిపి మొత్తం 9 లక్షలు దాటింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అని ధైర్యంగానే ఉన్నాం. తీరా చూస్తే పాలసీ తీసుకునేటప్పుడు బీపీ మాత్రలు వాడుతున్నట్టు బావగారు రాయలేదు. ‘ఆ, రోజూ వేసుకునే మాత్రే కదా’ అనుకున్నారట. క్లెయిమ్ తిరగ్గొట్టారు. డబ్బు సలహాలిచ్చే ఈ వృత్తిలో ఉండి కూడా నేను ఆయన ఫారం ఒకసారి చూడలేదు, అది నా తప్పే.

అయినా బావగారు అప్పుల పాలు కాలేదు. మా కార్డు మీద కట్టిన డబ్బంతా, ఇంటికొచ్చిన పదో రోజున ఆయన ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్ నుంచి తీసి ఇచ్చేశారు. ఆ డబ్బు కదపొద్దని ఎన్నేళ్ళో పోరితే విన్న మాట అది. అదే రాత్రి మీ నాన్నగారికి జరిగితే మీ దగ్గర ఏముంటుంది? నెలకు 13,670 కట్టాల్సిన అప్పు, ఖాళీ ఎఫ్‌డీ. అప్పుడు గీకే క్రెడిట్ కార్డుకి వడ్డీ ఏడాదికి 40 శాతం చుట్టూ ఉంటుంది.

అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది అత్యవసర నిధి గురించే. సిప్ కాకుండా మీ నెల ఖర్చు, ఈఎంఐలు కలిపి 1,26,000. మీ ఎఫ్‌డీలో ఉన్నది 38 రోజులకు సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి అప్పు, గుండె జబ్బున్న తండ్రి, ఒక్కరి జీతం. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా నెల నెలా నెట్టుకొస్తున్నారంటే, ఇప్పటిదాకా అదృష్టం బాగుందంతే. కారు లోన్ తీరాక నెలకు కావాల్సింది 1,12,000, అంటే నిధి 6,72,000 కావాలి. ఎఫ్‌డీ కదపొద్దు. నెలకు మిగిలే 9,000 దాని పక్కన వేయండి. బోనస్ అందులోకే, ఈ ఏడాది ఒక లక్ష తప్ప. కారు ఈఎంఐ ఆగిన మర్నాటినుంచి ఆ 14,000 కూడా. ఇలా చేస్తే రెండేళ్ళ లోపు నిండుతుంది. సిప్ ఆపక్కర్లేదు.

ఆఫీసు ఇన్సూరెన్స్ చూసుకుని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. అలాంటి గ్రూప్ పాలసీలు సాధారణంగా దేశం దాటితే పనిచేయవు. ఉద్యోగం పోతే దేశంలోనూ పనిచేయవు. అమ్మానాన్నలకు సొంత పాలసీ ఇప్పుడే అడగండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్ళే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. స్టెంట్ అనగానే ఒకరిద్దరు కుదరదంటారు, కొందరు బిల్లులో కొంత మీరే కట్టాలంటారు. నాలుగైదు చోట్ల అడగండి, ఏదీ దాచకండి. మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్ళకు డబ్బొచ్చే బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే అది ఈ వారం పని.

మరి 40వ పెళ్ళిరోజు? బోనస్‌లో ఒక లక్ష పక్కన పెట్టండి, అంతకు మించి పైసా వద్దు. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు తిరిగే ఓడలున్నాయి. 2022 జూన్‌లో అలాంటి ఓడ ఒకటి చెన్నై, విశాఖ మధ్య కూడా తిరిగింది. మన తూర్పు తీరానికి ఏడాది పొడుగునా రాదు కాబట్టి తేదీలు చూసుకోవాలి. రెండు మూడు రాత్రుల ప్రయాణం, వీసా గొడవ లేదు, దిగేది మన రేవులోనే. లక్షలో అందరూ పట్టకపోవచ్చు. అమ్మానాన్నలతో ఎవరు వెళ్ళాలో ఇంట్లో మీరే తేల్చుకోండి, ఆ తగువులోకి నన్ను లాగొద్దు. నాన్నగారి కార్డియాలజిస్టు సరేనన్నాకే టిక్కెట్టు.

సింగపూర్ క్రూయిజ్ నిధి నిండాక. అప్పటికి నెలకు 23,000 చేతిలో ఉంటుంది, దానికి బోనస్ తోడైతే ఇంకో ఏడాదిన్నరలో ఐదుగురికీ సరిపోతుంది. అప్పటికి నాన్నగారికి 70. ఆ వయసు దాటితే కొన్ని ట్రావెల్ పాలసీల్లో షరతులు బిగుస్తాయి, నిజమే. అంత ఆగలేకపోతే మనుషుల్ని తగ్గించుకోండి, అప్పు మాత్రం పెంచకండి.

వెళ్ళేనాటికి పనికొచ్చేవి కొన్ని చెప్తాను. సింగపూర్ స్కూలు సెలవులుండే జూన్, డిసెంబర్‌లలో రేట్లు మండిపోతాయి. ఒక గదిలో సాధారణంగా నలుగురికి మించి పట్టరు, మీకు రెండు గదులు తప్పవు. కిటికీ లేని లోపలి గదే తీసుకోండి. గదిలో ఉండేది నిద్రకే, బాల్కనీకి పెట్టే డబ్బు ఇన్సూరెన్స్‌కి పెట్టండి. నాన్నగారి గది ఓడ మధ్యలో, కింది డెక్‌లో, లిఫ్టుకు దగ్గరగా ఉండాలి. ఊగుడు అక్కడే తక్కువ. పెట్టెలు రేవులోనే ఓడవాళ్ళు తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలో ఉండాలి.

రైస్ కుక్కర్ పెట్టుకోకండి. వేడి చేసే సామాను ఏదైనా ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. ఇంట్లో పెట్టిన ఆవకాయకీ చాలా ఓడల్లో అదే గతి, సీలు వేసిన ప్యాకెట్లయితే పరవాలేదు. రేవు వదిలాక ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ మన మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి రాదు. విమానంలో ఒక రోజు ముందే చేరండి. మీ విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

వీసా మరీ ముఖ్యం. ఓడలో బయటికెళ్ళి మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతారు, అంటే రెండోసారి ప్రవేశిస్తున్నట్టే. దానికి తగ్గ వీసా ఉందో లేదో చూడండి. అలాస్కా వెళ్ళినప్పుడు సియాటిల్ రేవులో కొడుకుతో వచ్చిన గుంటూరు దంపతుల్ని కౌంటర్ దగ్గరే ఆపేశారు. అమెరికాలో ఎక్కించుకుని అమెరికాలోనే దించే విదేశీ ఓడ మధ్యలో వేరే దేశపు రేవు తాకాలన్నది అక్కడి 1886 నాటి చట్టం, అందుకని ఆ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. వాళ్ళ దగ్గర కెనడా వీసా లేదు. కొడుకు కట్టిన డబ్బంతా పోయింది, ముగ్గురూ పెట్టెలు లాక్కుంటూ వెనక్కి వెళ్ళారు.

ట్రావెల్ పాలసీ మీద మాత్రం బేరం చేయకండి. ఐదుగురికీ ఒకే రకం చౌక పాలసీ కాదు. నాన్నగారికి విడిగా, కనీసం లక్ష డాలర్లకి తీసుకోండి. పాత జబ్బు వల్ల ప్రాణం మీదికొస్తే ఎంతిస్తారు, ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు ఉందా, క్రూయిజ్‌ని మినహాయించారా అన్న మూడూ పాలసీ కాగితంలో వెతికి చదవండి. ఏజెంట్ నోటిమాట వద్దు. స్టెంట్, షుగర్, బీపీ, వేసుకునే ప్రతి మాత్ర ఫారంలో రాయండి.

ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇచ్చి ఉంటే ఈరోజే క్యాన్సిలేషన్ నిబంధనలు మెయిల్‌లో అడగండి. ప్రయాణం తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది, చివరి రెండు మూడు వారాల్లో చాలాచోట్ల ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పేరుతో ఏమైనా పట్టుకుని ఉంటే దాని రసీదు కూడా తీసుకోండి. బుకింగ్ రద్దయినా కాకపోయినా అది మీ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు కావాల్సిన డబ్బు.