అడిగేముందు ఈ ఉత్తరం చదువు

అబ్బీ,

ఆదివారం అనంతపురం పోయి ఆ పిల్లని నేరుగా అడుగుతానన్నావంట, మీ జేజి చెప్పింది. విన్నప్పట్నుంచి నాకు గుండె దడ. అయినా మనింట్లో మగపిల్లోడు ఇట్లా నోరు తెరిచి అడగబోయేది ఇదే మొదలు, సంతోషమే.

పగలు, నలుగురు తిరిగే చోట, ఒక్కసారే అడుగు. వాళ్ళ సందులోకి పోవద్దు.

ఆమె మెసేజ్ పెట్టిన రోజే తింటాండావంట. బి.ఇడి. పిల్లోళ్ళకు సైకాలజీ చెప్పినదాన్ని, నాకిది కొత్త కాదు. డొరోతీ టెన్నోవ్ అని అమెరికా ఆమె 1979లో అచ్చేసిన పుస్తకంలో దీన్ని, అంటే ఒకరి మీదే మనసు చిక్కుకోని వదలకపోయేదాన్ని, లిమరెన్స్ అంది. ఔనో కాదో తేలనంతకాలం ఇది పెరుగుతానే ఉంటుందంట. మామూలుగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ళని ఆమె అంచనా.

మూడేళ్ళే అయ్యుంటే బాగుండు. మా పెద్దనాయన కొడుకు కడపలో చదివేటప్పుడు ఏడు రోడ్ల కాడ ఒకమ్మాయి బస్సు కోసం కాసుకోని ఉండేవాడు. ఇటు చూస్తే "నా కోసమే" అనేవాడు. చూడకపోతే "పక్కన వాళ్ళన్న ఉండాడు, అందుకే" అనేవాడు. ఒక్క మాటైనా మాట్లాడింది లేదు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని మా పెద్దోళ్ళు ఆ మాఘంలోనే ప్రొద్దుటూరు సంబంధం చేసినారు. వదిన ఉగ్గాని చేస్తే వీధంతా మెచ్చుకునేది, వాడు మాత్రం తలెత్తి చూసేవాడు కాదు. "నాలో ఏం తక్కువ మే?" అని నన్నడిగేది. పద్దెనిమిదేళ్ళ దాన్ని, ఏం చెప్పేది? మా పెద్దనాయన పోయేదాకా ఆ సంగతి ఎత్తనియ్యలేదు.

ఆ పిల్ల కాదంటే మీ నాయన ఆ వారమే సంబంధాలు చూస్తాడు. నా తమ్ముడు కదా, నాకు తెలీదా! ఒప్పుకోవద్దు. వాడితో నేను మాట్లాడతా.

నవ్వి ఊరుకున్నా, "ఆలోచిస్తా" అన్నా దాన్ని ఔనని రాసుకోవద్దు. కాదంటే నంబరు తీసెయ్, స్టేటస్‌లు చూసేది మానెయ్. "ఎందుకు?" అని ఎంటబడొద్దురా, దండం పెడతా. ఆడపిల్లకు అదెంత భయమో నీకు తెలీదు.

తర్వాత నిద్ర పట్టకపోయినా, బతుకు మీదే విసుగొచ్చినా టెలి మానస్‌కు చెయ్, మనసు బాగలేనోళ్ళకు గవర్నమెంటు పెట్టిన ఫోను అది, 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. నాకు చేసినా ఎత్తుతా.

సోమవారానికి సెలవు పెట్టుకో. ఔనన్నా కాదన్నా రాత్రి బస్సుకు కర్నూలొచ్చెయ్, మీ మామ బస్టాండుకొస్తాడు. పోయేముందు ఆ గడ్డం గీసుకో.

మీ అత్త